వేదిక మీది బొమ్మతో మా పనిని కొలవకండి: శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. భారీ హోలోగ్రాఫిక్ త్రీడీ తెర ప్రాజెక్టుకు రెండో విడత నిధులు నిలిపేస్తున్నట్టు మీ శాఖ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ‘ఆశించిన స్థాయిలో ప్రదర్శన లేదు’ అన్న ఒక్క కారణం తప్ప అందులో ఇంకేమీ లేదు. దాని మీద మేము పెట్టుకున్న విన్నపాలకు అందినట్టు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. వేరే దారి కనిపించక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆశించిన స్థాయి అంటే ఏమిటో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీ శాఖ సంతకం పెట్టిన ఒప్పందంలో మొదటి దశ లక్ష్యం స్పష్టంగా ఉంది: కళ్లజోడు లేకుండా కనిపించే, కదిలే, అరచేతి కంటే చిన్న హోలోగ్రామ్. సమీక్షకు వచ్చిన కమిటీకి మేము చూపించింది సరిగ్గా అదే. చీకటి గదిలో, ఆకుపచ్చ లేజర్ వెలుగులో, గాల్లో మెల్లగా తిరిగే బొటనవేలంత పుర్రె. దవడ మీద చూపు నిలిపితే వెనక ఎముక మసకబారుతుంది, వెనక ఎముకను చూస్తే దవడ మసకబారుతుంది. నిజంగా ఎదురుగా ఉన్న వస్తువును చూసినప్పుడు కన్ను చేసే పనే అక్కడా చేస్తుంది. మామూలు త్రీడీలో ఇది జరగదు. అక్కడ రెండు కళ్లూ బొమ్మ ఉన్నట్టు తోచే చోటికి తిరుగుతాయి, కంటి ఫోకస్ మాత్రం తెర మీదే ఉంటుంది. తలనొప్పి వచ్చేది ఆ పేచీ వల్లే.

కమిటీలో ఒకరు తల కొంచెం పక్కకు జరిపారు. బొమ్మ కనబడకుండా పోయింది. ‘ఇంతేనా? మొన్న ఒక సభలో మనిషెత్తు హోలోగ్రామ్ నడుచుకుంటూ వచ్చింది కదా’ అన్నారు. ఆ మాటే నివేదికకు ఎక్కింది.

అయ్యా, ఆ సభలో వాళ్లు చూసింది 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ ప్రేక్షకులకు చూపిన ఉపాయం. అప్పుడు వాలుగా నిలబెట్టిన గాజు పలకలో దాగి ఉన్న మనిషి ప్రతిబింబం కనిపించేది, ఇప్పుడు పలచటి ప్లాస్టిక్ పొరలో ప్రొజెక్టర్ బొమ్మ కనిపిస్తుంది. దూరంగా కూర్చున్నవాళ్లకు అది అద్భుతంగానే ఉంటుంది, ఆ పని చేసేవాళ్ల నేర్పును నేను తక్కువ చేయను. కానీ ఆ బొమ్మ చదునైనది. పక్కకు ఎంత జరిగినా దాని వీపు కనబడదు. హోలోగ్రఫీ వస్తువు నుంచి వచ్చే కాంతి తరంగాన్నే తిరిగి పుట్టిస్తుంది. ఆ రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచి మమ్మల్ని ఫెయిల్ చేశారు.

తల జరిపితే బొమ్మ ఎందుకు పోయిందో ఆ రోజే చెప్పబోయాం, వినే తీరిక వాళ్లకు లేకపోయింది. మీరైనా వినండి. మా దగ్గరున్న స్పేషియల్ లైట్ మాడ్యులేటర్‌లో, అంటే పిక్సెల్ పిక్సెల్‌కూ కాంతి తరంగాన్ని మలిచే చిన్న తెరలో, ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు దూరం 3.74 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత దూరంతో ఆకుపచ్చ కాంతిని వంచగలిగేది మొత్తం 8 డిగ్రీల మేర మాత్రమే. ఆ చిన్న కోణం దాటితే ఏమీ కనబడదు. 60 డిగ్రీలు కావాలంటే పిక్సెల్ అర మైక్రాన్‌కు దిగాలి. మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు తెరను అలాంటి పిక్సెళ్లతో నింపితే 2 లక్షల కోట్లు పడతాయి. ఒక 4కె తెరలో ఉండేవి దాదాపు 83 లక్షలు. అంటే 2 లక్షల 40 వేల 4కె తెరల పిక్సెళ్లను ఒక్క చోట కూర్చాలి, వాటన్నిటికీ సెకనుకు 60 సార్లు కొత్త లెక్క కట్టి పంపాలి. ‘లెన్సు పెట్టి పెద్దది చేయొచ్చు కదా’ అని కూడా కమిటీ అడిగింది. చేయొచ్చు. బొమ్మను పదింతలు చేస్తే చూసే కోణం పదో వంతుకు పడిపోతుంది, అప్పుడు రెండు కళ్లకూ కలిపి చూపించడమే కష్టం. ఎన్ని పిక్సెళ్లు ఉంటే అంతే సమాచారం మన చేతిలో ఉంటుంది, దాన్ని సైజుకైనా ఖర్చు పెట్టాలి, కోణానికైనా ఖర్చు పెట్టాలి.

అందుకే రెండో విడత. చాలా మాడ్యులేటర్లను అతుకు కనబడకుండా పక్కపక్కన కూర్చడానికి, లెక్కలు కట్టే యంత్రాలకు, అర మైక్రాన్ పిక్సెళ్లు తయారుచేసి చూడటానికి అడిగిన డబ్బు అది. పెద్ద బొమ్మ చూపించడానికి కావలసిన సామానుకే ఆ విడత, ఆ విడత ఇవ్వడానికేమో పెద్ద బొమ్మ చూపించమంటున్నారు. దయచేసి మీరే చెప్పండి, ఇందులో మేము ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇది జరగని పని అనుకోకండి. హోలోగ్రఫీని కనిపెట్టిన డెన్నిస్ గాబర్‌కు 1947లో వచ్చిన ఆలోచనకు పనికొచ్చే కాంతి 1960లో లేజర్‌తో గానీ దొరకలేదు, ఆయనకు నోబెల్ వచ్చింది 1971లో. అమెరికాలోని ఎంఐటీలో స్టీఫెన్ బెంటన్ బృందం కదిలే హోలోగ్రామ్ చూపించినప్పుడు అది కొద్ది సెంటీమీటర్లే, లెక్క తగ్గించుకోవడానికి తల పైకీ కిందికీ కదిపితే బొమ్మ కోణం మారడాన్ని వదిలేసుకున్నారు కూడా. 2020లో శామ్‌సంగ్ పరిశోధకులు వెనక వెలుగును చూసేవాడి కళ్ల వైపు తిప్పి పలచటి ప్యానెల్‌లోనే చూసే కోణాన్ని 30 రెట్లు పెంచారు. 2021లో ఎంఐటీ వాళ్లు హోలోగ్రామ్ లెక్కను న్యూరల్ నెట్‌వర్క్‌తో మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద అప్పటికప్పుడు కట్టించారు. ఒక్కొక్క ముడీ విడుతోంది. ఇలాంటి సమయంలో మనం చేతులు ముడుచుకుని కూర్చుంటే రేపు ప్రతి తెరకూ, ప్రతి పేటెంటుకూ ఇంకొకరి గడప తొక్కాలి.

మా గది ఇప్పుడు ఎలా ఉందో చెప్తాను. ఆప్టికల్ టేబుల్ కాళ్లకు గాలి అందించే కంప్రెసర్ ఆపేశాం. ఆ గాలి లేకపోతే పక్క గదిలో తలుపు గట్టిగా వేసినా కాంతి తరంగాలు కలిసి ఏర్పరిచే వ్యతికరణ చారలు వణుకుతాయి, కొలత పనికిరాదు. నిర్వహణ ఒప్పందం ముగిసి లేజర్‌ను మూతపెట్టాం. అద్దాల మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ షీట్ కప్పాం. ఆ అద్దాల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చిన విద్యార్థుల్లో ఒకరు ఇప్పటికే వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారు. ఆ అబ్బాయిని ఉండమని ఏ మొహంతో అడగను? అయిదేళ్ల ప్రాజెక్టు అని మీ శాఖ ప్రకటిస్తేనే కదా అతను వచ్చింది. సామాను తర్వాతైనా కొనుక్కోవచ్చు, చేయి తిరిగిన మనిషిని ఎక్కడ కొంటాం?

మేము మొదటి విడతలో ప్రతి పైసాకూ లెక్క ఇచ్చాం, ఒప్పందంలో రాసిన లక్ష్యం అందుకున్నాం. ఆ నివేదికను పక్కన పెట్టి, కాంతిశాస్త్రం తెలిసినవాళ్లతో మళ్లీ సమీక్ష చేయించండి. వాళ్లు మాలో తప్పు పడితే తలవంచుకుని ఒప్పుకుంటాం. సమీక్ష అయ్యేలోపు కనీసం విద్యార్థుల ఫెలోషిప్‌లు ఆపకండి. చిన్న పిక్సెళ్లు తయారుచేసుకోవడానికి ప్రభుత్వ చిప్ తయారీ కేంద్రాల్లో మాకు కొంత సమయం ఇప్పించండి. రెండో విడత సంగతి అటో ఇటో తేల్చి చెప్పండి, ఇవ్వలేమంటే ఆ మాటైనా కారణాలతో సహా రాతపూర్వకంగా చెప్పండి.

మిగిలిన విద్యార్థుల ఫెలోషిప్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఆలోపే మీ జవాబు కావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ శాఖ నిధులతో పనిచేస్తున్న ఒక హోలోగ్రఫీ పరిశోధకురాలు