బుజ్జీ, ఆ మ్యాపును సేవ కింద రాయకు

బుజ్జీ,

ఫోన్లో మొదలుపెడితే సగంలోనే "అమ్మా, నీకు తెలీదులే" అంటావు, అందుకే రాస్తున్నా. యూనివర్సిటీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ప్రమోషన్ ఫైళ్లు చూసి చూసి రిటైరైన దాన్ని, నాకు తెలుసు.

నీ ప్రమోషన్ అప్లికేషన్ చదివాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగాక, నీ స్టూడెంట్లతో సందు సందూ తిరిగి, గోడల మీద నీటి మరకలు కొలిచి, ఏ వీధిలోకి ఎటునుంచి ఎన్ని గంటలకి నీళ్లొచ్చాయో అక్కడి ఆడవాళ్లనే అడిగి రాయించి ఒక మ్యాపు తయారుచేశావు కదా, దాన్ని తీసుకెళ్లి సామాజిక సేవ గడిలో ఒక్క లైనుగా పెట్టావేంటి? పైన ఎన్ఎస్ఎస్ క్యాంపు, కింద స్టడీ టూరు! యూనివర్సిటీ టీచర్ల ప్రమోషన్లకి రూల్సు పెట్టే యూజీసీ వాళ్ల 2018 నిబంధనల్లో అవన్నీ ఒకే చోట కుక్కారులే. ఆ గడిలో నువ్వు మ్యాపు గీసినా, ర్యాలీలో బ్యానరు పట్టుకున్నా లెక్క ఒకటే. అదే జర్నల్లో పేపరు పడితే ఇంజనీరింగ్ వాళ్లకి 8 పాయింట్లు. పాలసీ డాక్యుమెంటుకీ పాయింట్లున్నాయి, ఐక్యరాజ్యసమితి లాంటి చోట ఇస్తే 10, కేంద్రానికిస్తే 7, రాష్ట్రానికిస్తే 4. మున్సిపల్ కార్పొరేషన్ ఊసే లేదు. కాలవ పొంగిందని న్యూయార్కు వెళ్లి చెప్పుకోవాలి కాబోలు.

వరదలో నువ్వు పంచిన పులిహోర పొట్లాలు సేవ. మ్యాపు పరిశోధన. అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ అనే ఆయన 1990లోనే ఈ మాట చెప్పాడు, కొత్తది కనిపెట్టడమే కాదు, ఉన్న జ్ఞానాన్ని జనం సమస్యకి వాడటం కూడా విద్వత్తేనని. అయితే అది నీ సబ్జెక్టులోంచి రావాలి, చేసిన ప్రతి మంచి పనీ ఆ లెక్కలోకి రాదు అని కూడా అన్నాడు. ఈ రెండో ముక్క చాలామంది వదిలేస్తారు.

మన గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం, లాం ఫారం వాళ్లని చూడు. 2021లో మిరపకి నల్ల తామర పురుగు పడితే శాస్త్రవేత్తలు చేలల్లో తిరిగారు. అది వాళ్ల ఉద్యోగంలో భాగమే. వ్యవసాయ యూనివర్సిటీలో విస్తరణకి, అంటే పరిశోధనని రైతుల దగ్గరికి తీసుకెళ్లే పనికి, విడిగా శాఖ, ప్రొఫెసర్లు ఉంటారు. మీ ఇంజనీరింగ్ వాళ్లకి అలాంటి దారి లేదు.

2025 జనవరిలో వచ్చిన యూజీసీ డ్రాఫ్ట్‌లో తొమ్మిది రకాల కృషి రాసి, కనీసం నాలుగు చూపించమన్నారు, అందులో సమాజంతో కలిసి చేసే పని కూడా ఒకటి. సంతోషమే గానీ నాకు అనుమానం. 2010లో టీచర్ల పనిని లెక్కగట్టే ఏపీఐ పాయింట్లు పెట్టాక సర్టిఫికెట్ల కోసం సెమినార్లు ఎలా పుట్టుకొచ్చాయో నా టేబుల్ మీదే చూశాను. ఊరికిన్ని పాయింట్లు అన్నారంటే దత్తత గ్రామంలో ఫొటో దిగి వచ్చేవాళ్లు ఎక్కువైపోతారు. ఇలాంటి పని చదివి విలువ కట్టగలిగిన మనిషి ఒకరైనా కమిటీలో లేకపోతే ఎన్ని గడులు పెంచినా దండగే.

కాబట్టి ఆ లైను తీసేసి, విడిగా నాలుగు పేజీల నోటు రాసి పరిశోధన కింద జత చెయ్యి. ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చింది, కొలతలు ఎవరు తీశారు, ఆడవాళ్లు చెప్పిన టైమింగ్స్‌ని దేనితో సరిచూశావు, ఎక్కడ లెక్క కుదరలేదు, అన్నీ రాయి. కుదరనివి రాస్తేనే చదివేవాళ్లకి నమ్మకం. కాలనీ వాళ్ల దగ్గర లెటర్ తీసుకో, పొగడ్తలొద్దు, మ్యాపుని దేనికి వాడుకుంటున్నారో రాయమను. కొలిచిన వాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, మ్యాపు మీద వెయ్యి. పేపరు కూడా ఒకటి పంపు, నీకు ఇష్టం లేకపోయినా సరే, ఆ 8 పాయింట్లు ఎందుకు వదులుకోవాలి?

నోటు వాట్సాప్‌లో పంపకు, ఫోన్లో అక్షరాలు కనపడట్లేదు. ప్రింటు తీసి తమ్ముడి చేతికివ్వు, శనివారం గుంటూరు వస్తున్నాడు.

అమ్మ