చిన్నా పెద్దా కలిసి తిరిగే కోళ్లకు ఇకపై మేమిచ్చే దాణా

నమస్తే.

ఈ నెల నుంచి మా కొట్లో ఒక మార్పు. గుడ్లు పెట్టే పెట్టలు, ఎదిగే పిల్లలు, పుంజులు ఒకే చోట తిరుగుతున్నాయని చెప్పినవాళ్లకు లేయర్ మ్యాష్ (గుడ్లు పెట్టే పెట్టల దాణా) ఇవ్వం. గ్రోయర్ (ఎదిగే కోళ్ల) దాణా, విడిగా ఆల్చిప్పల గ్రిట్, అంటే ఆల్చిప్పల ముక్కలు, ఇస్తాం. గ్రిట్ ఖర్చు అదనమే. అయినా ఎందుకు పట్టుబడుతున్నామో చెబుతాం.

తేడా అంతా కాల్షియంలో ఉంది. లేయర్ దాణాలో అది 3.5 శాతం దాకా ఉంటుంది, గ్రోయర్‌లో 1 శాతం దరిదాపుల్లో. గుడ్డుకు రాని పిల్లకు ఆ ఎక్కువ కాల్షియం వారాల తరబడి అందితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం బయటికి పోదు. చచ్చిన పిల్లను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. దీన్నే గౌట్ అంటారు. పుంజుకూ ఆ కాల్షియం అక్కర్లేదు.

మరి పెట్టల సంగతి? రోజుకు 110 గ్రాములు తినే పెట్టకు గ్రోయర్ నుంచి 1 గ్రాము చిల్లర కాల్షియం వస్తుంది. బాగా గుడ్లు పెట్టేదానికి సుమారు 4 గ్రాములు కావాలి. ఆ లోటుకు గ్రిట్ 7, 8 గ్రాములు సరిపోతుంది. పది పెట్టలకు నెలకు రెండున్నర కిలోల లోపే. దాణాలో కలపకండి, కలిపితే పిల్లలూ తింటాయి. వేరే గిన్నెలో పెట్టండి, అవసరమున్న పెట్టే వచ్చి తింటుంది, ముఖ్యంగా సాయంత్రం. పెంకు కట్టేది రాత్రి కదా. పొడి వద్దు, 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలే తీసుకోండి. అవి కందనకాయలో ఆగి తెల్లారేదాకా మెల్లగా కరుగుతాయి.

మే నెలలో పెంకు పలచబడితే గ్రిట్‌నే అనుమానించకండి. ఎండకు రొప్పే కోడి తిండి తగ్గిస్తుంది, పెంకూ సరిగా కట్టదు. దాణా తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి, నీళ్లు నీడలో పెట్టండి.

ఎనిమిది వారాల లోపు పిల్లలకు మాత్రం ఈ గ్రోయర్ చాలదు. వాటికి 20 శాతం ప్రోటీన్ ఉన్న స్టార్టరే (చిన్న పిల్లల దాణా) కావాలి. పిల్లలు దూరి, పెద్దవి దూరలేనంత సందున్న జాలీ లోపల పెట్టండి. స్టార్టర్ అందరికీ వేద్దామనుకుంటే కాక్సిడియోసిస్ (కోడిపిల్లల పేగు జబ్బు) మందు కలిపినట్టు సంచి మీద రాసి ఉందేమో చూడండి. ఉంటే గుడ్లు పెట్టే పెట్టలకు వేయొద్దు, ఆ మందు గుడ్డులోకి వస్తుంది.

గ్రోయర్‌లో 16 శాతం ప్రోటీన్ ఉంటుంది. దానికి సగానికి సగం నూకలు కలిపితే అది 12కి పడిపోతుంది. గ్రామప్రియ, వనరాజా పెట్టలు గుడ్లు తగ్గించాయని వచ్చేవాళ్లను ముందుగా అడిగేది ఇదే. నూకలు సాయంత్రం గుప్పెడు, అంతే.

దాణా మార్చేటప్పుడు వారం పట్టించండి: మొదట పాతది మూడు వంతులు, తర్వాత సగం, ఆపైన ఒక వంతు.

వానాకాలం సంచి నేల మీద పెట్టొద్దు, చెక్కల మీద, గోడకు దూరంగా పెట్టండి. గడ్డకట్టినా, బూజు వాసన వచ్చినా ఎండబెట్టి వాడకండి. బూజు వదిలే విషం ఎండకు పోదు. అందుకే విడి దాణాను ఇకపై సంచి విప్పిన తేదీ రాసి ఇస్తున్నాం. నెలలో అయిపోయేంతే కొనండి.

అన్నీ గుడ్డుకు వచ్చాక చెప్పండి, అప్పుడు లేయర్ మ్యాష్‌కు మారుద్దాం. పుంజులుంటే మాత్రం గ్రోయర్, గ్రిట్ ఇలాగే కొనసాగించడం మేలు.