అత్యాశ అని రాయడం తేలిక

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చిన క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు) మోసం వార్త చదివాను. వెంటనే రాద్దామనుకున్నా గానీ మనవడి పరీక్షల హడావుడిలో కుదరలేదు. వార్త మొదలు 'అత్యాశకు పోయి'. ముగింపు 'ప్రజలు అప్రమత్తంగా ఉండాలి'. అసలు డబ్బు ఎలా పోయిందో ఒక్క ముక్క లేదు. అప్రమత్తం అంటే ఏం చేయాలండీ? రాత్రంతా మేలుకుని ఫోనుకి కాపలా కాయాలా?

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. క్రిప్టోలో రూపాయి పెట్టలేదు, పెట్టను కూడా. మా వీధిలో గల్ఫ్ నుంచి వచ్చిన కుర్రాడు పెట్టాడు. అంతకు ముందు రొయ్యల చెరువులో పెట్టి రెండు పంటలు వైరస్‌కి పోగొట్టుకున్నాడు. చెరువులో పోసినప్పుడు ఎవరూ అత్యాశ అనలేదు మరి.

క్రిప్టో దాచుకునే అతని వాలెట్‌కి 12 ఇంగ్లిష్ మాటలు ఇచ్చారు, సీడ్ ఫ్రేజ్ అంటారట. మా బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులు, ఒకటి ఖాతాదారుది, ఒకటి మాది. రెండూ కలిస్తేనే తెరుచుకునేది. ఇక్కడ ఆ 12 మాటలే తాళంచెవి, పాస్‌బుక్, సంతకం అన్నీనూ. అవి ఎవరికి దొరికితే సొత్తు వాళ్లదే. ఏదో లావాదేవీ మధ్యలో ఆగిపోయిందని ఇతను టెలిగ్రామ్‌లో అడిగాడు. కస్టమర్ కేర్ అంటూ ఒకడు దిగి, ఒక లింకు పంపి, ఆ మాటలు అందులో కొట్టమన్నాడు. కొట్టాడు. టీ చల్లారేలోగా వాలెట్ ఖాళీ. చెక్కయితే ఆపమని మేనేజర్ని అడగొచ్చు. ఇందులో ఆపడానికి మేనేజరే లేడు.

ఆ మాటలు ఏ కంపెనీవాడూ అడగడని, అడిగినవాడు దొంగేనని మీరు పెద్దక్షరాల్లో వేసుంటే ఎంత బాగుండేది! వాటిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోకుండా కాగితం మీద రాసి బీరువాలో దాచుకోమని చెప్పొచ్చు. ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకుంటే డూప్లికేట్ సిమ్ తీసినవాడికి అది పోతుందని, సిమ్‌తో పనిలేకుండా ఫోనులోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోమని చెప్పొచ్చు. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలోనే ఉంచితే భద్రమనుకునేవాళ్లకి 2024 జులై గుర్తుచేయాలి. వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో 23 కోట్ల డాలర్లకు పైగా దొంగలు పట్టుకుపోయారు. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది, దీనికి అదీ లేదు. పెద్ద మొత్తమైతే పెన్‌డ్రైవ్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కోవడమే మేలని మా అల్లుడంటాడు.

ఇక పోలీస్ స్టేషన్ సంగతి. ఇక్కడ కాదు, భీమవరం వెళ్లమన్నారు. అక్కడ ఒకాయన 'ప్రభుత్వం గుర్తించని దానికి కేసేంటి' అన్నాడట. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే జులై నుంచి అమ్మితే 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తగ్గించుకోనివ్వరు కూడా. పన్ను కట్టించుకునేటప్పుడు బాగానే గుర్తించారు, దొంగ ఎత్తుకుపోతే గుర్తు రాలేదు!

ఇదంతా చాలక, పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామంటూ ఇప్పుడు ఇంకొకడు రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు. ముందు ఫీజు కట్టాలట. వాడూ ఆ ముఠాయేనని ఆ కుర్రాడి తల్లికి నేను చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సిన వాళ్లు తీరిగ్గా లేరు కదా! ఆ మాటకొస్తే మా బ్యాంకులే ఏం బాగున్నాయి? పింఛను తీసుకోడానికి వెళ్లిన ముసలమ్మకి బీమా పాలసీ అంటగట్టే రోజులు.

పోయిన నెల సైబర్ అవగాహన సదస్సని కల్యాణమండపంలో పెట్టారు. రెండు గంటలు శాలువాలు కప్పుకున్నారు. చివర్లో ఈ కుర్రాడు ఏదో అడగబోతే టైమైపోయిందన్నారు. ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ కాలవ వంతెన దగ్గర వేలాడుతోంది. మొన్న ఆగి చూశాను. నాయకుల ఫొటోలు ఎనిమిది ఉన్నాయి. ఫిర్యాదు చేయాల్సిన 1930 నంబరు మాత్రం ఎక్కడా లేదు.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పాలకొల్లు