బాల్కనీలోంచి కనబడే మెట్రో

సంపాదకులకు నమస్కారం.

సెలవులకు బెంగుళూరు వెళ్లేవాళ్లకు సలహాలిస్తూ మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. అందులో బస గురించి ఉన్నది ఒక్కటే వాక్యం. ఇంటిల్లిపాదీ వెళ్తే హోటలు కంటే అద్దె ఫ్లాటు నయం, ఊరి నడిబొడ్డున చూసి తీసుకోండి అని. ఆ వాక్యం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. అందులో సగానికి పైగా అనంతపురం–బెంగుళూరు సర్వీసులే. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, యలహంక, హెబ్బాళ, మేఖ్రీ సర్కిల్, మెజెస్టిక్... నిద్రలో లేపి అడిగినా స్టేజీలు వరసగా చెబుతాను. అలాంటివాణ్ణే బెంగుళూరులో బస చూసుకోవడంలో బోల్తా పడ్డాను.

2025లో ఆగస్టు 15 శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలిసొచ్చాయి. లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరుగుతోంది. కదిరి నుంచి మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవలు వచ్చారు. మా ఆవిడ, 78 ఏళ్ల మా అత్త, నేను. మొత్తం ఏడుగురం. హోటల్లో అయితే మూడు గదులు కావాలి. పైగా అత్తకు షుగరు. "మూడు రోజులు బయటి తిండి అమ్మకు పడదు, పొయ్యి ఒకటుంటే రాగిసంగటి చేసి పెడతాను" అంది మా ఆవిడ. సరే, ఫ్లాటే చూద్దామన్నాం.

రాత్రి భోజనాలయ్యాక అల్లుడు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పదిన్నర ప్రాంతంలో ఒకటి దొరికింది. రెండు బెడ్‌రూములు, వంటిల్లు, రోజుకు 3,200 రూపాయలు. "హెబ్బాళకు దగ్గర, మెట్రో పక్కనే, లాల్‌బాగ్‌కు 30 నిమిషాలు" అని రాసి ఉంది. హెబ్బాళ పేరు వినగానే నాకు ధైర్యం వచ్చింది. అది నా ఇలాకా కదా. మన బస్సులు అక్కడే ఆగుతాయి, దిగితే ఇంటికొచ్చినట్టే. మ్యాపులో దారి కూడా చూశాం, లాల్‌బాగ్‌కు 34 నిమిషాలని చూపించింది. "ఇంకేం, డబ్బు కట్టెయ్యి నాయనా" అన్నాను.

ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయని తర్వాత తెలిసింది. బస్సు దిగేది ఒక్కసారి. ఊళ్లో తిరిగేది మూడు రోజులు. నేను ఆ ఒక్కసారి కోసం ఇల్లు ఎంచాను. రెండోది, మ్యాపు చూసింది రాత్రి పదిన్నరకు. ఆ వేళకు రోడ్లు ఖాళీ అవుతాయి. మేం లాల్‌బాగ్‌కు పోయేది సాయంత్రం. ఒకే దూరానికి పొద్దుటి ట్రిప్పుకొక రన్నింగ్ టైము, సాయంత్రం ట్రిప్పుకొక రన్నింగ్ టైము ఉంటుందని జీవితమంతా చూసినవాణ్ణి నేను. అది నాకు తట్టకపోవడం సిగ్గుచేటే. బయల్దేరే రోజు, గంట పెడితే ఆ వేళకు ఎంతసేపు పడుతుందో చెప్పే ఏర్పాటు మ్యాపులో ఉందట. పని చెడ్డాక అల్లుడు చూపించాడు.

తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి తొమ్మిదిన్నరకు హెబ్బాళలో దిగాం. ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే మధ్యాహ్నం ఒంటిగంటకు గాని తాళాలివ్వనన్నాడు. ఆ సంగతి ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, మేమే చూడలేదు. మూటాముల్లెతో ఏడుగురం ఎక్కడికి పోవాలి? దగ్గర్లో ఉన్నవన్నీ నిలబడి తినే దర్శిని హోటళ్లు. మోకాళ్ల నొప్పులున్న మా అత్త ఎక్కడ కూర్చుంటుంది? ఒక మందుల షాపాయన దయ తలచి స్టూలు వేశాడు. అదే మెజెస్టిక్‌లో దిగి ఉంటే రైల్వే స్టేషను క్లోక్‌రూములో సామాన్లు పడేసి ఊరు తిరిగేవాళ్లం.

అసలు కథ గేటు దగ్గర జరిగింది. ఓనరు ముందే మెసేజీ పెట్టాడు: "సెక్యూరిటీ అడిగితే మా చుట్టాలమని చెప్పండి." ఆ అపార్ట్‌మెంటు అసోసియేషను రోజువారీ అద్దెలకు ఒప్పుకోదట. వాచ్‌మన్ కన్నడంలో ఎవరింటికని అడిగాడు. అనంతపురంవాళ్లకు కన్నడం కొత్తేమీ కాదు. నేను జవాబు చెప్పేలోపే మా అత్త అందుకుంది. "చుట్టాలెక్కడివారు నాయనా? దినానికి మూడువేల రెండొందలిచ్చి దిగినాం." ఆయనకు తెలుగు బాగానే అర్థమైంది. సెక్రెటరీకి ఫోను పోయింది. ఆధార్ కార్డులు చూశారు, ఓనరును లైనులోకి తెచ్చారు, వాళ్లూ వాళ్లూ అరుచుకున్నారు. నలభై నిమిషాలు గేటు బయట ఎండలో నిలబడ్డాం. చివరికి లోపలికి వదిలారు గానీ, ఆ మూడు రోజులూ లిఫ్టులో ఎవరెదురైనా దొంగల్లా తల దించుకోవాల్సి వచ్చింది. మా అత్త మీద నాకు కోపమేమీ లేదు. అబద్ధం చెప్పమన్నది ఓనరు. దానికి మేం లోపల్లోపల సిద్ధపడ్డాం కూడా.

ఇక మెట్రో. బాల్కనీలోకి వెళ్లి చూస్తే నిజంగానే పక్కనే ఉంది. రింగు రోడ్డు పొడుగునా స్తంభాలు, వాటి మీద క్రేన్లు. కేఆర్ పురం నుంచి హెబ్బాళ మీదుగా విమానాశ్రయం దాకా వేస్తున్న లైను అది. అప్పటికింకా కడుతూనే ఉన్నారు. "తాతా, రైలెప్పుడొస్తుంది?" అని చిన్న మనవడు గంటకోసారి అడిగేవాడు. నడుస్తున్న రైలెక్కాలంటే ఆటో కట్టించుకుని వేరే లైను స్టేషను దాకా పోవాలి. ప్రకటన ఇచ్చినాయన "మెట్రో పక్కనే" అన్నాడు గాని, నడిచే మెట్రో అనలేదు. మాటలో ఆ మాత్రం సందు ఉంచుకున్నాడు.

మూడున్నరకు రెండు ఆటోల్లో లాల్‌బాగ్‌కు బయల్దేరి ఐదు దాటాక చేరాం. గేటు దగ్గర జాతర లాంటి జనం. గాజు మేడలో పూలు చూసింది అరగంట. తిరుగు ప్రయాణంలో ఏడుగురినీ ఎక్కించుకునే బండి ఒక పట్టాన దొరకలేదు. ఇల్లు చేరేసరికి తొమ్మిదయింది. అత్త ఆ రాత్రి సంగటి కూడా ముట్టలేదు, కాళ్లు పీకుతున్నాయని పడుకుంది. మర్నాడు బసవనగుడి ఎద్దు గుడికి పోదామనుకున్నది మానుకున్నాం. దారి తలచుకుంటేనే ఆమెకు టెన్షన్ వచ్చింది.

నాది లాగ్‌షీటు రాసే అలవాటు. మూడు రోజుల అద్దె 9,600. ఆటోలు, క్యాబులు 5,600. మొత్తం 15,200. రోడ్ల మీద గడిపింది, ఊరి లోపలే, 11 గంటలు.

ఎద్దు గుడి చూడలేదన్న లోటు మా అత్తను వదల్లేదు. కార్తీక మాసం చివరి సోమవారం అక్కడ కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల తిరునాళ్ల. పంట మేసిపోతున్న బసవన్నను శాంతింపజేయడానికి రైతులు తొలి కాయ సమర్పించారని కథ. వేరుశెనగ పంట మీద బతికిన జిల్లా మనది, ఆ ముక్క వింటే ఎవరికి పోవాలనిపించదు? మనవలకు ఒకరోజు బడి ఎగ్గొట్టించి, నవంబరులో శని, ఆది, సోమ అని మళ్లీ బయల్దేరాం.

ఈసారి ఫోను తీయకముందే కాగితం తీశాను. పోవాల్సిన చోట్లన్నీ రాశాం. ఎద్దు గుడి, లాల్‌బాగ్, చిక్కపేటలో చీరలు, పిల్లలకు కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం. బాగా నడవగలవాళ్లు నలుగురు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలామె అని కూడా రాశాను. చోట్లన్నీ మ్యాపులో పెట్టి చూస్తే, మాకు కావాల్సిన నడిబొడ్డు ఎంజీ రోడ్డూ కాదు, హెబ్బాళా కాదు. ఊరికి దక్షిణాన పచ్చరంగు మెట్రో లైను. అందులో నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్ పక్కపక్క స్టేషన్లు. ఇటు వస్తే కేఆర్ మార్కెట్, చిక్కపేట, మెజెస్టిక్. మెజెస్టిక్‌లో ఊదారంగు లైనుకు మారితే మూడో స్టేషను కబ్బన్ పార్కు, అక్కడ దిగితే మ్యూజియం.

ఆ చుట్టుపక్కల ఇళ్లున్న నలుగురికి ఫోన్ చేశాం. డబ్బు కట్టేదాకా ఇల్లెక్కడో సరిగ్గా చూపరు, మ్యాపు మీద ఓ వృత్తం గీసి వదిలేస్తారు. ఆ వృత్తంలో మెట్రోకు రెండు నిమిషాల ఇల్లూ ఉంటుంది, పాతిక నిమిషాల ఇల్లూ ఉంటుంది. డోరు నంబరు చెప్పకపోతే పోయె, దగ్గర్లో ఉన్న గుడో, బడో పేరు చెప్పమన్నాను. ఇద్దరు అదీ చెప్పలేదు, వదిలేశాం. ఒకాయన "మెట్రోకు ఆరు నిమిషాలు" అన్నాడు. ఎటువైపు గేటు నుంచి? పెద్ద రోడ్డు దాటాలా? ఫుట్‌పాత్ ఉందా? రోజువారీ అద్దెకు ఎవరి అభ్యంతరమూ లేదా? మెట్లెన్ని? "మామా, ఇంటర్వ్యూ చేస్తున్నారా?" అని అల్లుడు నవ్వాడు. ఆయన మాత్రం విసుక్కోకుండా అన్నిటికీ చెప్పాడు. కింద తను ఉంటాడు, పైన మొదటి అంతస్తు ఇస్తాడు. లిఫ్టు లేదు, 14 మెట్లు. అద్దె రోజుకు 4,400.

మెట్ల దగ్గర మా ఆవిడ తటపటాయించింది. నేను లెక్క చెప్పాను. ఎక్కేది రోజుకు రెండుసార్లు, మెల్లగా ఎక్కించుకుంటాం. ఆటోలో గంటన్నర కుదుపు కంటే 14 మెట్లు నయం. అత్త కూడా ఒప్పుకుంది.

ఆయన చెప్పిన ఆరు నిమిషాలు మా అత్త నడకకు పదమూడయ్యాయి. "మెట్రోకు ఇన్ని నిమిషాలు" అన్న చోటల్లా పెద్దవాళ్లుంటే దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అయినా పనులు సాగిపోయాయి. పొద్దున్నే ఒక స్టేషను దూరంలో లాల్‌బాగ్. మా అత్త బెంచీ మీద కూర్చుంటే, పిల్లలు కెంపెగౌడ బురుజున్న ఆ పెద్ద బండ ఎక్కి దిగారు. తొమ్మిదింటికి ఇంటికొచ్చి టిఫిను, ఎండ వేళ ఓ కునుకు, సాయంత్రం మళ్లీ బయటికి. మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చి పోవచ్చు చూడండి, దగ్గరి బస వల్ల అసలు సుఖం అదే. పరిషె రోజు ఎద్దు గుడి రోడ్డులోకి ఆటోలు రానే రావు. దూరం నుంచి వచ్చినవాళ్లు ఎక్కడో దిగి జనంలో తోసుకుంటూ వస్తుంటే, మేం సందుల్లోంచి ఆగుతూ ఆగుతూ నడిచిపోయాం. అత్త బసవన్నకు మొక్కి, ఐదు శేర్ల కాయలు బేరమాడి మరీ కొంది. అనంతపురంవాళ్లు బెంగుళూరుపోయి శెనక్కాయలు కొనుక్కొచ్చారని మా వీధిలో ఇప్పటికీ నవ్వుతున్నారు.

అంతా బాగుందని చెప్పను. తెల్లారి ఐదింటికి పక్క గుడి మైకు మోగేది. వంటింట్లో సంగటికి సరిపడా గిన్నె లేక కుక్కర్‌లోనే కానిచ్చింది మా ఆవిడ. లెక్క చూస్తే అద్దె 13,200, మెట్రో, ఆటోలు కలిపి 1,300. మొత్తం 14,500. మెట్రో చార్జీలు 2025 ఫిబ్రవరిలో పెంచారు, గరిష్ఠం 90 రూపాయలైంది. మేం తిరిగినవి దగ్గరి స్టేషన్లు కాబట్టి మా మీద భారం పడలేదు. మిగిలింది 700 రూపాయలే. రోడ్ల మీద మాత్రం 11 గంటలకు బదులు మూడున్నర గంటలు.

ఇంకొక సంగతి. మన జిల్లా నుంచి బెంగుళూరు పోయేది సరదాకు మాత్రమే కాదు. నేను టికెట్టు కొట్టినవాళ్లలో ఎంతమంది ఒళ్లో ఎక్స్‌రే కవర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లో నాకు తెలుసు. వాళ్లూ ఇప్పుడు ఇలాంటి ఇళ్లే తీసుకుంటున్నారు. గుండె జబ్బుకు జయదేవకు పోయేవాళ్లకు, ఆ ఆస్పత్రి పేరుతోనే పసుపురంగు లైనులో స్టేషను వచ్చింది. ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఉన్న ఆ లైను 2025 ఆగస్టులో మొదలైంది. వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆస్పత్రికీ ఊదారంగు లైనులో స్టేషనుంది. రోగిని పెట్టుకుని నాలాగా "హెబ్బాళ దగ్గర" అన్న మాట చూసి డబ్బు కట్టేస్తే, పూల ప్రదర్శన పోయినట్టు పోయేది కాదు, డాక్టరిచ్చిన టైము పోతుంది.

కాబట్టి మీకొక విన్నపం. ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు "నడిబొడ్డు" అని వదిలెయ్యకండి. రైళ్లు నడుస్తున్న స్టేషను ఏది, అక్కడికి నడక ఎంత, తాళాలు ఎన్నింటికిస్తారు, అసోసియేషను ఒప్పుకుంటుందా అని పాఠకుల చేత అడిగించండి. మీ వర్గీకృత ప్రకటనల్లోనూ ఈమధ్య బెంగుళూరు ఇళ్లు కనబడుతున్నాయి. వాటిలో "మెట్రో దగ్గర" అని ఉంటే స్టేషను పేరు కూడా రాయాలని మీరు షరతు పెట్టొచ్చు. ఒక్క పేరుకు ఎంత జాగా పడుతుంది?

మేం మొదట దిగిన ఆ ఫ్లాటు ప్రకటన మొన్న మళ్లీ అల్లుడి ఫోనులో కనబడింది. అద్దె 3,500 చేశారు. "మెట్రో పక్కనే" అలాగే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
సాయినగర్, అనంతపురం