సెలవులకు చీనీ బిస్కెట్లు
అక్కలూ, వదినలూ, క్రిస్మస్ సెలవులని నిన్న పిల్లలతో కలిసి చీనీ (బత్తాయి) వాసనొచ్చే వెన్న బిస్కెట్లు చేశాను. మన అనంతపురంలో గంపలకొద్దీ చీనీకాయలుంటే ఎసెన్స్ కొనడమెందుకు!

ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, చక్కెర పొడి 100, మైదా 300, రెండు కాయల తొక్కు తురుము. కాయ బాగా కడిగి పైపొర మాత్రమే తురమండి. లోపలి తెల్లది తగిలితే చేదొస్తుంది, మొదటి వాయి నాకలాగే పాడైంది. తురుమును చక్కెరలో వేసి వేళ్లతో నలపండి. చక్కెర తడితడిగా అయి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అందులో వెన్న గిలక్కొట్టి మైదా కలపండి. రసం పోయొద్దు, పిండి జారిపోతుంది.

ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, బిళ్లలుగా కోసి, ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు. అంచులు ఎర్రబడగానే తీసేయండి, చల్లారాక గట్టిపడతాయి.

ఓవెన్ లేనివాళ్లు శనివారం పిండి మా ఇంటికి తెచ్చుకోండి, కాల్చిస్తాను.