జబ్బు లేని ఒంట్లో మొండి బ్యాక్టీరియా

సంపాదకుల వారికి,

నమస్కారం. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా అనగానే ఐసీయూలే గుర్తుకు వస్తాయి గానీ, ఏ నలతా లేకుండా తిరిగే మనుషుల పేగుల్లోనూ అవి స్థిరపడి ఉంటాయన్న విషయం చర్చకు రావడం లేదు. మన హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు మరో మూడు దేశాల వైద్యులతో కలిసి 2025లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఎండోస్కోపీ ద్వారా పిత్తనాళ చికిత్సకు వచ్చిన భారతీయుల్లో 83 శాతం మంది ఇటువంటి బ్యాక్టీరియాను మోస్తున్నారు. నెదర్లాండ్స్‌లో ఆ వాటా 11 శాతం లోపే. వారంతా చికిత్సకు వచ్చినవారు కనుక ఆ అంకెను నగరవాసులందరికీ అంటగట్టడం సరికాదు. అయితే 2017లో ప్రచురితమైన డచ్ అధ్యయనం పరీక్షించింది యాత్రికులను. దక్షిణాసియాకు వచ్చి వెళ్లినవారిలో సుమారు నాలుగింట మూడొంతుల మంది ఈఎస్‌బీఎల్ రకం బ్యాక్టీరియాను (చాలా యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసుకునేవి ఇవి) కొత్తగా వెంట తీసుకుపోయారని అందులో తేలింది. వారిలో చాలామందికి కొద్ది నెలల్లోనే అది దానంతటదే పోయింది కూడా. చుట్టపుచూపుగా వచ్చినవారి సంగతే అలా ఉంటే, నిత్యం ఇక్కడి నీళ్లే తాగే మనకు ఒకసారి పోయినది మళ్లీ చేరదని ఎవరు చెప్పగలరు?

ఇలా మోస్తున్నంత మాత్రాన ఎవరూ రోగులు కారు, వారికి చికిత్సా అక్కర్లేదు. పైగా దాన్ని వదిలించుకుందామని యాంటీబయాటిక్ వేసుకుంటే మందుకు లొంగే బ్యాక్టీరియా చచ్చి, మొండివాటికే చోటు దొరుకుతుంది. చిక్కు వచ్చేది మూత్రనాళ ఇన్ఫెక్షన్ సోకినప్పుడో, కీమోథెరపీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో. అప్పుడు మామూలు మందులు పనిచేయక, కార్బపెనెమ్ అనే, మిగతావి పనిచేయనప్పుడు వాడే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల కోసం ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది.

ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేయమని నేను కోరడం లేదు, దానివల్ల భయమే మిగులుతుంది. కోరేదల్లా ఇప్పటికే ఉన్న నిబంధనను అమలు చేయమని. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 (అమ్మకంపై గట్టి ఆంక్షలున్న మందుల జాబితా) ప్రకారం సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు, రోగి వివరాలను ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. మా గల్లీలోని మెడికల్ షాపులో మాత్రం జలుబని చెబితే చాలు, ‘‘రెండు రోజులకు ఇస్తున్నా, తగ్గకపోతే మళ్లీ రండి’’ అంటూ సెఫిక్సిమ్ షీటును కత్తెరతో తుంచి నాలుగు గోళీలు చేతిలో పెడతారు. మందు పేరు, గడువు తేదీ, హెచ్చరిక ఉన్న ముక్క వారి డబ్బాలోనే ఉండిపోతుంది. జలుబుకు కారణం వైరస్ కాబట్టి ఆ గోళీలు దానిపై పనిచేయవు, పేగుల్లో మాత్రం అవి చేసే పని అవి చేస్తాయి. డాక్టరు ఫీజు కట్టలేకనే జనం షాపుకు వెళుతున్నారన్న వాదనను నేను కొట్టిపారేయను; అందుకే బస్తీ దవాఖానాలను సాయంత్రం పొద్దుపోయే దాకా, కూలి పని నుంచి వచ్చినవారికి అందేలా తెరిచి ఉంచాలి.

ఇక నగరం పక్కనే మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు సంగతి. ఆ ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితి విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులనే తీసేసింది. ఎందుకు తీసేశారని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి. ఔషధ నియంత్రణ అధికారులు హెచ్1 రిజిస్టర్ల తనిఖీ ఫలితాలను మూడు నెలలకొకసారి, షాపుల పేర్లతో సహా, మీలాంటి పత్రికలకు విడుదల చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్