తేనెటీగల పెంపకందారుల సంఘం వార్షిక నివేదిక: వరోవా నల్లిపై ఈ ఏడాది మన పని

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశాలు, తేనె తీత, పరికరాల కొనుగోలు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది అసలు పనంతా తేనెటీగలనూ వాటి పిల్లలనూ పట్టి పీల్చే వరోవా నల్లితోనే.

కిందటేడు నల్లిని చంపే మందుగా ఆక్సాలిక్ యాసిడ్ వేసినప్పుడు పెట్టెల నిండా పిల్ల గదులున్నాయి. అడుగున పరిచిన తెల్ల అట్ట మీద ఎర్రటి నల్లులు రాలితే గండం గడిచిందనుకున్నాం. కొన్ని వారాలకే రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు గుమ్మం ముందు పాకుతూ కనబడ్డాయి. మందులో లోపం లేదు, మనం వేసిన అదనే తప్పు. ఈ యాసిడ్ ఈగలు పిల్ల గదులకు వేసే మైనపు మూత దాటి లోపలికి పోదు. నల్లి పిల్లలు పెట్టేది సరిగ్గా ఆ మూత కిందే. కూలీ ఈగ గది సుమారు 12 రోజులు మూసి ఉంటుంది, పోతుటీగ గది ఇంకా ఎక్కువ. నల్లికి ఎక్కువ ఇష్టమైనదీ పోతుటీగ గదే.

అందుకని ఈసారి గుడ్లు ఆగి పిల్ల గదులన్నీ ఖాళీ అయ్యేలా రాణి ఈగను 24 రోజులు చిన్న పంజరంలో ఉంచాం. ఆ తర్వాత ఒక్కో చట్రాన్ని వెలుతురుకెత్తి, మూసిన గది ఒక్కటీ లేదని చూసుకున్నాకే మందుకు దిగాం. లీటరు పంచదార పాకానికి (నీళ్లు, పంచదార సమానం) 35 గ్రాముల యాసిడ్. చట్రాల మధ్య ఈగలున్న ఒక్కో సందుకి 5 మిల్లీలీటర్లు, పెట్టె మొత్తానికి 50 మించకుండా. తేనె చట్రాలు ముందే తీసేశాం. తేనెటీగల వాడకానికి అనుమతి ఉన్న సరుకే కొన్నాం. మందు తగ్గితే నల్లి మిగులుతుంది, ఎక్కువైతే ఈగలే చస్తాయి. ఒకే పెట్టెకి మళ్లీ మళ్లీ పొయ్యొద్దు.

కొందరు యాసిడ్‌ను వేడిచేసి ఆవిరి పట్టే పొగ పద్ధతి ఎంచుకున్నారు. ఒక సభ్యుడు మధ్యలో మాస్కు కిందికి లాగి, ఆ రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు. ఆ పొగ ఊపిరితిత్తులను కాలుస్తుంది. మామూలు గుడ్డ మాస్కు దానికి అడ్డుకాదు. యాసిడ్ ఆవిరిని ఆపే ఫిల్టరు మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్ లేనివాళ్లను ఇకపై దగ్గరికి రానివ్వం.

బాధ కలిగించిన సంగతి ఒకటుంది. మందుకు ముందు నల్లి లెక్క చూడమని అడిగితే చాలామంది చూడలేదు. సగం కప్పు ఈగలు, అంటే సుమారు 300, రాణి అందులో లేదని చూసుకుని ఆల్కహాల్‌లో కడిగితే చాలు. 9 నల్లులు బయటపడ్డాయంటే నూటికి 3 అన్నమాట, ఇక ఆగకూడదు. లెక్క లేకపోతే మందు పనిచేసిందో లేదో చెప్పలేం.

వచ్చే ఏడాది ప్రతి పెట్టెకీ రెండు లెక్కలు, మందుకు ముందొకటి, తర్వాతొకటి. పెట్టె మూత లోపలి వైపు తేదీతో సహా పెన్సిల్‌తో రాయండి.

కార్యదర్శి